సూర్యకాంతం: గయ్యాళి పాత్రలోని హాస్యం

పరిచయం

విదూషకుడు, కేతిగాడు, సుబ్బిశెట్టి - తెలుగు ప్రదర్శన కళల్లో నవ్వించేవాడు అనగానే గుర్తుకు వచ్చే పేర్లలో దాదాపు అన్నీ పురుషులవే. నవ్వించే స్త్రీ ఎక్కడ ఉంది, ఆమె ఎట్లా నవ్వించింది, ఆమెను చూసి నవ్విన ప్రేక్షకులు అసలు దేన్ని చూసి నవ్వారు అనే ప్రశ్నలను ఈ భాగంలో పరిశీలిద్దాం. అందుకు ఒకే ఒక్క నటిని తీసుకుంటున్నాం. ఆమె సూర్యకాంతం.

ఆమెను హాస్యనటి అనవచ్చునా అని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. గయ్యాళి అత్త కదా, ఆమెను చూసి తిట్టుకున్నాం గాని నవ్వామా అని అడగవచ్చు. రెండూ చేశాం. ఒకే పాత్రను చూసి పళ్ళు నూరుకుంటూనే ఎందుకు నవ్వాం అనేదే ఈ భాగంలో ముఖ్యమైన విషయం. చదివే ముందు వీలైతే 'గుండమ్మ కథ' సినిమాను మరోసారి చూడండి. ఇదివరకే పదిసార్లు చూసినవారు కూడా చూడండి. ఈసారి కథ కోసం కాక, ఆమె చేతుల కోసం చూడండి.

లండన్ నుంచి ఒక పోలిక

మనకు తెలిసిన మనిషిని అర్థం చేసుకోవడానికి ఒక్కోసారి తెలియని మనిషితో పోల్చడం ఉపకరిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండులో 'మ్యూజిక్ హాల్' అనే వినోదశాలలు వీధివీధినా ఉండేవి. ఒక పాట, ఒక గారడీ, ఒక నృత్యం, ఒక హాస్య ప్రదర్శన - ఇట్లా ఒకదాని తరువాత ఒకటి సాగుతూ ఉంటాయి. పనివాళ్ళు సాయంత్రం పూట వచ్చి, తింటూ తాగుతూ చూస్తారు. నచ్చకపోతే అరుస్తారు. మన తిరునాళ్ళలో స్టేజీ ముందు కూర్చున్న జనాన్ని ఊహించుకుంటే ఆ వాతావరణం కొంత తెలుస్తుంది.

అటువంటి చోట అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్న హాస్యనటి మేరీ లాయిడ్. 1870లో లండన్‌లోని హాక్స్‌టన్ ప్రాంతంలో పుట్టింది. అసలు పేరు మటిల్డా ఆలిస్ విక్టోరియా వుడ్. పదిహేనేళ్ళ వయసులో వేదిక ఎక్కింది. ఆమె పాటల్లోని మాటలను కాగితం మీద చదివితే ఆక్షేపించడానికి ఏమీ కనిపించదు. పాడేటప్పుడు మాత్రం ఒక కన్నుగీటు, ఒక చిన్న ఆగింపు, గౌను అంచును పట్టుకునే తీరు కలిసి ఆ అమాయకపు మాటలకు వేరే అర్థం తెచ్చేవి. నీతిరక్షకులు కోపగించుకున్నారు. పేద ప్రేక్షకులు మాత్రం మా ఇంటి మనిషే అనుకున్నారు. 1907లో చిన్న కళాకారుల జీతాల కోసం, పని షరతుల కోసం సమ్మె జరిగినప్పుడు తనకు అవసరం లేకపోయినా ఆమె వారి పక్షాన నిలబడింది. 1912లో రాజదంపతుల ఎదుట జరిగిన ప్రదర్శనకు ఆమెను పిలవలేదు. 1922 అక్టోబరులో, చనిపోవడానికి మూడు రోజుల ముందు, ఎడ్మంటన్‌లో పాడుతూ వేదిక మీద తూలింది. అదీ నటనే అనుకుని జనం నవ్వారు. అప్పటికి ఆమె వయసు 52.

ఈ కథను ఇక్కడ చెప్పడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, హాస్యం రాసిన మాటలో కన్నా పలికే తీరులో, కదిలే చేతిలో ఎక్కువగా ఉంటుందని మేరీ లాయిడ్ జీవితం చూపిస్తుంది. రెండవది ఆ చివరి నవ్వు. మనిషి బాధను కూడా పాత్రలో భాగమనుకునేంతగా ప్రేక్షకులు ఆమెను పాత్రతో కలిపేశారు. సూర్యకాంతానికి జరిగింది కూడా ఇంచుమించు అదే, కాకపోతే ఇంకో రకంగా.

మన వేదిక మీద

తెలుగు ఆధునిక నాటకం 1880లలో మొదలైనప్పుడు స్త్రీ పాత్రలన్నీ పురుషులే ధరించారు. 1885లో కడప ప్రాంతంలో పుట్టిన సురభి సమాజం కుటుంబ సమాజం కావడం వల్ల స్త్రీలను వేదిక ఎక్కించింది. తక్కిన చోట్ల చాలాకాలం స్థానం నరసింహారావు వంటి వారే సత్యభామలు, చిత్రాంగులు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు కూడా ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు. తాడేపల్లిగూడెంలో స్థిరపడిన రేలంగి వెంకట్రామయ్య కూడా నాటకాల్లో మొదట ఆడవేషాలు వేసినవారే.

అయితే నవ్వించే స్త్రీ పాత్రలు నాటకాల్లో లేకపోలేదు. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మను గుర్తు తెచ్చుకోండి. చీపురుకట్ట పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వస్తుంది. మంచం కింద ఇద్దరు మగవాళ్ళు దాక్కుంటారు. దెబ్బలు తగలవలసిన వాడికి తగలవు. ఆ సన్నివేశంలో నవ్వంతా ఆమె చేతిలోని చీపురుకట్ట చుట్టూ తిరుగుతుంది, కాని ఆమెకు జరిగిన అన్యాయం మాత్రం నిజమైనదే. 'చింతామణి'లో తల్లి శ్రీహరి మరో ఉదాహరణ. డబ్బు లెక్క తెలిసిన ముదుసలి. కోస్తా పల్లెల్లో రాత్రి తెల్లవార్లూ చింతామణి ఆడిన కాలంలో సుబ్బిశెట్టితో పాటు శ్రీహరికీ చప్పట్లు పడేవి.

నోరున్న ఆడది, డబ్బు లెక్క తెలిసిన ఆడది, చేతిలో చీపురుకట్ట ఉన్న ఆడది - సూర్యకాంతం వచ్చేనాటికే ఈ అచ్చు ఉంది. ఆమె దానికి ముఖమూ గొంతూ ఇచ్చింది.

కాకినాడ నుంచి మద్రాసుకు

సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో జన్మించారు. పెద్ద కుటుంబం. తండ్రి చిన్నతనంలోనే పోయారు. ఆటపాటలు చిన్నప్పుడే అబ్బాయి. ఊళ్ళో అంటించిన హిందీ సినిమా పోస్టర్లు చూసి సినిమాల్లో చేరాలని పట్టుదల పెరిగిందని ఆమె జీవితం గురించి రాసినవారు చెబుతారు. మద్రాసు చేరి జెమినీ స్టూడియోలో నెల జీతానికి నర్తకిగా కుదిరారు. 1948లో విడుదలైన 'చంద్రలేఖ'లోని పెద్ద నృత్యబృందంలో ఆమె కూడా ఉన్నారు. అంతకు ముందే 1946లో 'నారద నారది'లో చిన్న పాత్ర వేశారు. 1949 నాటి 'ధర్మాంగద'లో ఆమెది మూగ వేషం. తరువాతి కాలంలో నోటితోనే రాజ్యమేలిన నటికి తొలి రోజుల్లో మాటలే లేని పాత్ర రావడం తమాషాయే.

ఆమె కోరుకున్నది కథానాయిక పాత్ర. ఈ సంగతి మరచిపోకూడదు, ఎందుకంటే పుట్టుకతోనే గయ్యాళి పాత్రలకు పనికివచ్చే మనిషి అన్నట్లు మనం మాట్లాడుకుంటాం. 'సౌదామిని' సినిమాలో కథానాయిక అవకాశం వచ్చినట్లే వచ్చి, కారు ప్రమాదంలో ముఖానికి గాయం తగలడంతో చేజారింది. మరొకసారి బొంబాయి నుంచి కథానాయిక అవకాశం వచ్చినప్పుడు, ముందుగా అనుకున్న నటిని తొలగించి తనకు ఇస్తున్నారని తెలిసి ఆమె వద్దన్నారని చెబుతారు. ఇంకొకరి నోటి దగ్గర కూడు తీసే గయ్యాళిగా ముప్ఫై ఏళ్ళు తెర మీద కనిపించిన మనిషి, తెర వెనుక చేసిన పని ఇది.

1950లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 'సంసారం' వచ్చింది. అందులో ఆమెకు గయ్యాళి అత్త పాత్ర దొరికింది. అప్పటికి ఆమె వయసు పాతిక. ఆ పాత్ర జనానికి ఎంతగా పట్టిందంటే తరువాత ఆమెకు వెనుతిరిగి వేరే దారి చూసుకునే వీలు లేకపోయింది.

వయసుల లెక్క

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. నాగేశ్వరరావు 1924 సెప్టెంబరు 20న పుట్టారు. అంటే సూర్యకాంతం కన్నా నెల రోజులకు పైగా పెద్ద. ఎన్.టి. రామారావు 1923 మే నెలలో పుట్టారు. ఏడాదిన్నర పెద్ద. 1962లో 'గుండమ్మ కథ' విడుదలైన నాటికి ఆమెకు 37 ఏళ్ళు. తెర మీద ఆ ఇద్దరికీ ఆమె అత్తగారు.

ఎస్.వి. రంగారావు 1918లో పుట్టారు. ఆమె కన్నా ఆరేళ్ళు పెద్ద. 1957 నాటి 'మాయాబజార్'లో ఆయన ఘటోత్కచుడు, ఆమె హిడింబి. అంటే తనకన్నా పెద్దవాడికి తల్లి. నాలుగేళ్ళు తిరగకుండానే 'వెలుగునీడలు'లో అదే రంగారావుకు భార్య. ప్రేక్షకులు ఒక్కరైనా అభ్యంతరం చెప్పలేదు.

దీని వల్ల తెలిసేదేమిటి? కథానాయకులకు వయసు రాలేదు. నవ్వించే నటికి పాతికేళ్ళకే వయసు వచ్చేసింది. కథానాయికగా పనికిరాని స్త్రీకి సినిమాలో మిగిలేది తల్లి, అత్త, వదిన, ఆడపడుచు. ఆ నాలుగు కుర్చీల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. సూర్యకాంతం ఆ కుర్చీని సింహాసనం చేసుకున్నారన్న మాట నిజమే. కాని ఆ కుర్చీ ఎంపిక పూర్తిగా ఆమెది కాదు.

ఎడమ చేయి

ఇప్పుడు నటన సంగతికి వద్దాం. దీన్ని కొంచెం నిదానంగా చదవండి.

సూర్యకాంతానికి ఎడమచేతి వాటం. మన ఇళ్ళలో ఎడమ చేత్తో ఇవ్వడం, ఎడమ చేయి చూపి మాట్లాడడం మర్యాద కాదు. పిల్లలు అట్లా చేస్తే పెద్దలు చేతి మీద కొడతారు. తెర మీద ఆమె ఆ ఎడమ చేతినే ముందుకు విసిరి, వేలు ఆడిస్తూ మాట్లాడతారు. మాట మొదలు కాకముందే, ఏమన్నా అనకముందే, చూసేవాడికి అమర్యాద జరిగిపోయినట్లు అనిపిస్తుంది. ఆ చేయి నటన కోసం నేర్చుకున్నది కాదు. ఆమెకు సహజం. సహజంగా ఉన్నదాన్ని పాత్రకు ఆయుధం చేసుకోవడంలో నేర్పు ఉంది.

రెండవది గొంతు. మాట చివర సాగదీయడం చాలామంది అనుకరిస్తారు. మిమిక్రీ కళాకారులు చేసేది అదే. కాని అనుకరించేవారు సాధారణంగా వదిలేసేది ఆమె గొంతు మారే వేగం. ఒక వాక్యం పంచదార పలుకుల్లా మొదలై మధ్యలో నిప్పు అయి, ఎదుటివాడు డబ్బు ప్రస్తావన తేగానే మళ్ళీ పంచదార అవుతుంది. మధ్యలో ఊపిరి తీసుకున్నట్లు కూడా కనిపించదు. నవ్వు పుట్టేది అరుపులో కాదు. ఆ మలుపులో. కోపం నిజమైనదైతే అంత తొందరగా చల్లారదు కదా. కనుక ఇది కోపం కాదు, లెక్క అని ప్రేక్షకుడికి అర్థమవుతుంది. తాను కనిపెట్టానన్న ఆనందంతో నవ్వుతాడు.

మూడవది, చాలామంది గమనించనిది - ఆమె విని ఊరుకునే క్షణాలు. ఎదుటి పాత్ర పొగుడుతున్నప్పుడు ఆమె ముఖం చూడండి. నమ్మాలా వద్దా అన్న అనుమానం, నమ్మాలన్న కోరిక, చివరికి నమ్మేయడం - మూడూ వరుసగా వెళతాయి. గయ్యాళి ఎంత సులభంగా మోసపోతుందో అక్కడ తెలుస్తుంది. ఆమె పాత్రల్ని చూసి మనం భయపడకుండా నవ్వగలగడానికి అసలు కారణం నా దృష్టిలో ఇదే. కుట్ర చేసేవారికి తెలివి ఉంటుంది. సూర్యకాంతం పాత్రలకు ఉండేది ఆశ, అనుమానం, తొందర. ఈ మూడూ ఉన్న మనిషి పక్కింట్లోనే కాదు, మన ఇంట్లోనూ ఉంటుంది.

మేరీ లాయిడ్ కన్నుగీటుకూ సూర్యకాంతం ఎడమచేతికీ పోలిక ఇక్కడే ఉంది. ఇద్దరి హాస్యమూ రాతప్రతిలో దొరకదు.

పెయ్యేరు, అన్నపూర్ణ, ఉమ్మడి ఇల్లు

మీరు ముదినేపల్లి ప్రాంతం వారైతే పెయ్యేరు మీకు తెలిసిన ఊరే. ఆ మండలంలోని గ్రామం. 2022లో జిల్లాలు మారినప్పుడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. 'అన్నపూర్ణా పిక్చర్స్' స్థాపించిన దుక్కిపాటి మధుసూదనరావుది ఆ ఊరు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న ఆయనను పెంచిన సవతి తల్లి పేరు అన్నపూర్ణ. సంస్థకు ఆ పేరే పెట్టుకున్నారు. సినిమాల్లో సవతి తల్లి అంటే ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. ఆ సినిమాలు తీసిన వ్యక్తి మాత్రం తన సవతి తల్లి పేరును పతాకం మీద రాసుకున్నాడు. ఈ వైరుధ్యాన్ని మనసులో ఉంచుకోండి.

ఈ సంస్థ తీసిన 'తోడికోడళ్ళు' 1957 జనవరిలో వచ్చింది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. మూలం శరత్‌చంద్ర బెంగాలీ రచన 'నిష్కృతి'. ఉమ్మడి కుటుంబంలో పెద్ద దంపతులుగా రంగారావు, కన్నాంబ. నాగేశ్వరరావు, సావిత్రి ఒక జంట. రేలంగి, సూర్యకాంతం మరో జంట. చల్లగా సాగుతున్న ఇంట్లో అనుమానం నాటేది ఈ చివరి జంటలోని కోడలు. 1959లో 'మాంగల్యబలం', 1961లో 'వెలుగునీడలు' కూడా ఈ సంస్థవే, వాటిలోనూ ఆమె ఉన్నారు. 'వెలుగునీడలు'లో ఆమె పెంచుకున్న పిల్లను, తనకు ఒక బిడ్డ పుట్టాక దూరం పెట్టే తల్లి. అక్కడ నవ్వు తక్కువ. నవ్వు లేకుండా చూస్తే ఆ పాత్ర ఎంత క్రూరంగా ఉంటుందో ఆ సినిమా చూపిస్తుంది.

ఇన్ని సినిమాల్లో ఒకే రకం పాత్ర ఎందుకు అవసరమైంది? జవాబు ఆ కాలపు ఇళ్ళలో ఉంది. కృష్ణా, గోదావరి కాలువల కింద వరి పండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కుటుంబాలు. చదువుకున్న కొడుకు పట్నం పోతున్నాడు. అన్నదమ్ములు వేరుపడుతున్నారు. వేరు పడడానికి అసలు కారణాలు భూమి, చదువు, ఉద్యోగం. కాని ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి, కోడలు వచ్చాకే ఇల్లు చీలిందంటారు. సినిమా కూడా అదే అంది. ఆర్థిక కారణాన్ని తెర మీద చూపడం కష్టం. ఎడమ చేయి విసిరే ఒక ఆడమనిషిని చూపడం సులభం. ఆమె ఇంటిని విడగొడుతుంది, చివర్లో బుద్ధి తెచ్చుకుంటుంది, ఇల్లు మళ్ళీ ఒకటవుతుంది. నిజ జీవితంలో విడిపోయిన ఇల్లు మళ్ళీ కలవడం అరుదు. జనం డబ్బిచ్చి చూసింది ఆ కలయికను.

గుండమ్మ

1962 జూన్ 7న విడుదలైన 'గుండమ్మ కథ'కు మూలం కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు'. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. సంభాషణలు డి.వి. నరసరాజు. గుండమ్మ అనే పేరు కన్నడ దేశంలో వినిపించేది గాని మన ఇళ్ళలో పెద్దగా ఉన్నది కాదు. అయినా దాన్ని మార్చలేదు.

ఎన్.టి. రామారావుకు ఇది నూరవ చిత్రం. పక్కన నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు. ఇంతమంది తారలున్న సినిమాకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు దాన్ని అత్తగారి పేరుతో పిలిచారు. తెలుగు సినిమా చరిత్రలో ఒక హాస్యనటికి దక్కిన గౌరవాల్లో ఇంతకు మించినది నాకు కనిపించదు.

గుండమ్మ భర్త పోయిన స్త్రీ. ఆస్తి ఆమె చేతిలో ఉంది. సవతి కూతురు లక్ష్మి చేత ఇంటి చాకిరీ అంతా చేయిస్తుంది. సొంత కూతురు సరోజను గారాబం చేస్తుంది. ఇద్దరు అన్నదమ్ములు మారువేషాల్లో ఆ ఇంట్లో చేరి, ఒకరు లక్ష్మినీ ఒకరు సరోజనూ పెళ్ళాడతారు. కథ మీకు తెలిసిందే. మనం గమనించవలసింది గుండమ్మ పాత్రను మలచిన తీరు. ఆమె చేత దుర్మార్గాలు పెద్దగా చేయించలేదు. ఆమె గయ్యాళి అని పదే పదే చెప్పించనూ లేదు. ఎందుకు చెప్పాలి? సూర్యకాంతం తెర మీదికి రాగానే ప్రేక్షకుడు మిగిలింది తానే పూరించుకుంటాడు. పన్నెండేళ్ళుగా పోగైన పేరును పెట్టుబడిగా పెట్టి, దాని మీద మెత్తని పాత్రను కట్టారు. పని మనిషిగా చేరిన అంజి మాటలకు గుండమ్మ ఎట్లా పడిపోతుందో చూడండి. రమణారెడ్డి వేసిన ఘంటయ్య ఆమెను ఎట్లా ఆడిస్తాడో చూడండి. ఊరందరికీ పులి, ఇద్దరు మాటకారుల ముందు పిల్లి.

సినిమా చివరి భాగంలో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆ ఇంటికి వస్తుంది. గుండమ్మను మించిన గయ్యాళి. గుండమ్మను గదిలో పెట్టి తాళం వేస్తుంది. అప్పటిదాకా గుండమ్మను చూసి నవ్విన జనానికి ఆమె మీద జాలి కలుగుతుంది. విడిపించడానికి వచ్చేది ఎవరు? ఆమె చాకిరీ చేయించిన లక్ష్మి. ఈ మలుపు పనిచేయాలంటే నటి అంతకు ముందే, నవ్విస్తున్నప్పుడే, పాత్రలో ఒక మెత్తదనాన్ని దాచిపెట్టి ఉండాలి. విని ఊరుకునే క్షణాల గురించి పైన చెప్పింది ఇందుకే.

ఇంటి తాళాలు

ఇక్కడ కొంచెం ఆగి ఒక విషయం ఆలోచించండి. గుండమ్మను చూసి మనం ఎందుకు నవ్వుతాం? ఆమె చేసే పనుల జాబితా వేయండి. ఆస్తి చూసుకుంటుంది. పనివాడి జీతం బేరమాడుతుంది. పెళ్ళి సంబంధం తానే నిర్ణయిస్తుంది. నగలు, డబ్బు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. ఇవే పనులు రంగారావు జమీందారు పాత్రలో చేస్తే దర్పం అంటాం.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అంతకు ముందు భర్త పోయిన స్త్రీకి ఆస్తి మీద పరిమితమైన హక్కే ఉండేది. అనుభవించవచ్చు గాని తన ఇష్టప్రకారం అమ్మడానికి వీల్లేదు. 1956 చట్టం ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. ఆరేళ్ళ తరువాత ఒక సంపన్న వితంతువు తన ఇంటికి తానే యజమానురాలుగా తెర మీద కనిపించింది. చట్టాన్ని చూసి ఈ సినిమా తీశారని నేను అనడం లేదు. కాని తాళాల గుత్తి ఆడదాని చేతిలో ఉంటే ఏమవుతుందో అన్న బెంగ ఆ కాలపు ఇళ్ళలో లేదని కూడా అనలేం. ఆ బెంగను నవ్వుగా మార్చడం గయ్యాళి పాత్ర చేసిన పని. కొడుకులకు సమానంగా కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు మన రాష్ట్రంలో 1980ల మధ్యలో గాని రాలేదు. ఆ మధ్య కాలమంతా సూర్యకాంతం తెర మీద ఉన్నారు.

ఇంతకీ ఈ పాత్ర స్త్రీలను కించపరిచిందా, లేక స్త్రీకి అధికారం ఇచ్చిందా? విమర్శకులు రెండు వైపులా వాదించవచ్చు. కించపరిచింది అనడానికి ఆధారం ఎదురుగానే ఉంది. ఇంట్లో జరిగే చెడుకంతా ఒక ఆడదాన్ని కారణం చేసింది. కోడళ్ళు పడే నిజమైన హింసను, కట్నం వేధింపులను నవ్వులాటగా కూడా మార్చింది. రెండో వైపు ఉన్నది ఇది: ఆ కాలపు కథానాయికలు కన్నీళ్ళు తుడుచుకుంటూ మౌనంగా ఉన్న చోట, తనకు కావలసింది ఏమిటో గట్టిగా చెప్పిన స్త్రీ గొంతు సినిమాలో ఆమెదొక్కటే. హాలులో కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను తిట్టుకుంటూనే ఆమె మాటలు ఇంటికి తీసుకువెళ్ళారు. నా మొగ్గు మొదటి వైపే, కాని నటి వల్ల రెండవది కూడా నిజమైంది. రాసినవారు గయ్యాళిని రాశారు. ఆమె మనిషిని చేశారు.

ఇదే కాలంలో భానుమతి రాసిన 'అత్తగారి కథలు'ను దీనితో కలిపి చదవండి. అక్కడ అత్తగారు నవ్విస్తుంది, కాని గయ్యాళి కాదు. అమాయకంగా, పట్టుదలగా, తనదైన తర్కంతో నడుస్తుంది. చెబుతున్నది కోడలు. నవ్వులో ఆపేక్ష ఉంటుంది. స్త్రీ రాసిన అత్తకూ, పురుషులు రాసిన అత్తకూ తేడా అక్కడ చూడవచ్చు.

పేరు

తెర వెనుక సూర్యకాంతం వేరే మనిషి అని ఆమెతో పనిచేసినవారంతా చెప్పారు. షూటింగుకు ఇంటి నుంచి వంటకాలు తెచ్చి, తోటి నటులకూ పనివారికీ పెట్టేవారు. తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1994 డిసెంబరులో చనిపోయేదాకా నటిస్తూనే ఉన్నారు. ఆ ఏడాది వచ్చిన 'ఎస్.పి. పరశురాం' ఆమె చివరి చిత్రాల్లో ఒకటి.

కాని ఒక నష్టం మాత్రం జరిగిపోయింది. సూర్యకాంతం అనేది చక్కని పేరు. ఎండలో మెరిసే మణి పేరు. మీ బంధువుల్లో, మీ ఊళ్ళో 1960 తరువాత పుట్టినవారిలో ఆ పేరున్న వారెవరైనా ఉన్నారేమో వెతకండి. దొరకడం కష్టం. నోరున్న కోడలిని వెక్కిరించడానికి మాత్రం ఆ పేరు ఇప్పటికీ పనికివస్తోంది. సావిత్రి పేరు పెట్టుకున్నారు, జమున పేరు పెట్టుకున్నారు. అందరికన్నా ఎక్కువ గుర్తుండిపోయిన నటి పేరును మాత్రం పిల్లలకు పెట్టుకోవడం మానేశారు. ఎడ్మంటన్ ప్రేక్షకులు తూలడాన్ని నటన అనుకున్నారు. మనవాళ్ళు నటనను స్వభావం అనుకున్నారు.

రేలంగి విషయంలో ఇట్లా జరగలేదు. ఆయన పిరికి భర్తలు, వెర్రిబాగుల వాళ్ళు ఎందరినో ధరించారు. ఎవరూ ఆయనను పిరికివాడనుకోలేదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. తాడేపల్లిగూడెంలో తన పేరుతో సినిమా హాలు కట్టుకున్నారు. సూర్యకాంతానికి పద్మ పురస్కారం రాలేదు. హాస్యనటుడికీ హాస్యనటికీ మధ్య ఈ తేడా ఎందుకో మీరే ఆలోచించండి.

ఆమె తరువాత నవ్వించిన స్త్రీల దారులు వేరు. రేలంగి సరసన గిరిజ, రాజబాబు సరసన రమాప్రభ జంట హాస్యంతో మెప్పించారు. 1980లలో జంధ్యాల చిత్రాల్లో శ్రీలక్ష్మి వచ్చి, గయ్యాళితనం అవసరం లేకుండానే, కేవలం వింత పిచ్చితో నవ్వించవచ్చునని చూపించారు. ఆమె గురించి తరువాతి భాగంలో చదువుతారు.

అభ్యాసం

'గుండమ్మ కథ'లో గుండమ్మ, అంజి ఎదురుపడే ఏదైనా ఒక సన్నివేశాన్ని ఎంచుకోండి. మొదట ధ్వని తీసివేసి చూడండి. ఆమె ఎడమ చేయి ఎన్నిసార్లు లేచింది, ఎప్పుడు దిగింది, ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖంలో ఏమేమి మారాయి అని రాసుకోండి. తరువాత ముఖం చూడకుండా ధ్వని మాత్రమే వినండి. గొంతు ఎక్కడ మలుపు తిరిగిందో గుర్తించండి. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి ఒక పేజీకి మించకుండా వ్యాఖ్య రాయండి.

మీ ఇంట్లో అరవై ఏళ్ళు దాటిన స్త్రీలెవరైనా ఉంటే, సూర్యకాంతం సినిమాలు వారు ఎవరితో కలిసి, ఏ ఊళ్ళో, ఏ హాలులో చూశారో అడగండి. చూసేటప్పుడు తమను కోడలి స్థానంలో ఊహించుకున్నారా, అత్త స్థానంలోనా అని కూడా అడగండి. వయసుతో పాటు ఆ జవాబు మారిందేమో తెలుసుకుని, వారి మాటల్లోనే రాసి సంపర్క తరగతికి తీసుకురండి.